ఆనవాలు, చేవ్రాలు

మన చేతిలోని ఫోను ఎక్కడనో దూరముననున్న యంత్రముతో మాటలాడి, నేను ఫలానివాడను, నన్ను లోనికి రానిమ్మని విన్నవించుకొనునప్పుడు, ఆ విన్నపము వెంట తరచుగా ఒక పొడవైన అక్షరముల వరుస ప్రయాణము చేయును. తొలిచూపునకు అది అర్థములేని చిక్కుముడివలె కనబడును గాని, నాలుగైదుమారులు చూచిన కంటికి అందొక విశేషము పట్టుబడును. అది ఇంచుమించు ఎల్లప్పుడును చిన్నబడి ‘ఈ’, చిన్నబడి ‘వై’, పెద్దబడి ‘జే’ అను మూడు ఆంగ్లాక్షరములతోనే మొదలగును. నడుమ రెండు చుక్కలుండి మూడు ఖండములుగా విడివడి యుండును. ఈ వస్తువునకు జేసన్ వెబ్ టోకెన్ అని పేరు. జేడబ్ల్యూటీ అని వ్రాసి ‘జాట్’ అని పలుకవలెనని దానిని నిర్మించినవారే తమ ప్రమాణపత్రమున సూచించిరి. ప్రోగ్రాములు వ్రాయుట నాకు జీవనోపాధి. నిత్యము చేతికి తగులు ఈ మూడు ఖండముల వస్తువు వెనుక ఎంతమంది బుద్ధిశ్రమ, ఎన్ని పొరపాట్లు, ఎన్ని దిద్దుబాట్లు దాగియున్నవో తెలిసికొన్నకొలది దానిపై నాకు గౌరవమే పెరుగుచు వచ్చినది.

టోకెను అను మాటకు మన భాషలో ‘ఆనవాలు’ కంటె తగినది నాకు కనబడదు. హనుమంతుడు లంకకు కొనిపోయిన ఉంగరము ఆనవాలే. దానిపై రామనామము చెక్కబడి యుండెను. అయితే ఆ కథలో మనము తరచుగా మరచునది సీత చేసిన పరీక్ష. వచ్చినవాడు మాయావియైన రావణుడేమో యని ఆమె మొదట శంకించినది. రాముని దేహచిహ్నములెట్టివో చెప్పుమని అడిగినది. తానెరిగిన సంగతులతో అతని మాటలను పోల్చి చూచుకొన్న పిమ్మటనే ఉంగరము ఆమె చేతికి వచ్చినది. ఏమడుగవలెనో నిశ్చయించినది సీత గాని, దూతగా వచ్చినవాడు కాడు. ఈ చిన్న సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురుగాక. నేను చెప్పబోవు చరిత్రలో జరిగిన ముఖ్యప్రమాదము సరిగా దీనిని మరచుటవలననే జరిగినది.

ఆనవాలు చూపి ద్వారము దాటుట రాజ్యవ్యవహారములలో ప్రాచీనమైన ఆచారము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను ఉద్యోగి యొక మాషకము పుచ్చుకొని ముద్ర నొసగును. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశించుటకు గాని, అచ్చటనుండి వెడలుటకు గాని అర్హుడు. ముద్రలేక తిరిగిన స్వదేశీయునకు 12 పణముల దండనము, కూటముద్ర చూపినవానికి పూర్వసాహసదండము, వాడు పరదేశీయుడైనచో ఉత్తమసాహసదండము విధింపబడినవి. మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూచినచో, రేకులకు రంధ్రము చేసి, దానిగుండ కడియము దూర్చి, కడియపు కొనలను వరాహచిహ్నమును ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదమును గల ముద్రలో పొదిగి యుంతురు. కడియమును కోయక రేకు మార్చుట కుదరదు. ఎంత చక్కని ఏర్పాటు! అయినను అందొక లోపము కలదు. ఆ ముద్ర కడియమును కాపాడునే కాని, రేకులమీది అక్షరములను కాపాడదు. ఉన్న అక్షరములను సుత్తితో సాగగొట్టి క్రొత్తవి చెక్కినను ముద్ర మారదు. కూటశాసనములు కల్పించువారికి మనుస్మృతి మరణదండన విధించుటయు, ఎన్నో శతాబ్దముల తరువాత ఫ్లీటు పండితుడు 1901లో అట్టి కూటశాసనములను గూర్చి ప్రత్యేకముగా పరిశీలించి వ్రాయవలసి వచ్చుటయు ఆ లోపమునకే సాక్ష్యములు. వ్రాతలోని ప్రతి యక్షరముపైనను ఆధారపడి, ఒక్క యక్షరము మారినను తానును చెడిపోవు ముద్ర యొకటి కావలెను. అట్టిది లోహముతోను లక్కతోను సాధ్యము కాలేదు, గణితమువలననే సాధ్యమైనది.

ఆ గణితము పుట్టిన సంవత్సరము 1976. ఆ నవంబరులో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇరువురు తాము ప్రకటించిన వ్యాసమున, ఒకే తాళపుచెవికి బదులు ఒకదానితోనొకటి పెనవేసికొన్న రెండు తాళపుచెవులుండవచ్చుననియు, ఒకటి యజమానుని యొద్ద రహస్యముగా నుండగా రెండవదానిని లోకమంతటికి పంచిపెట్టవచ్చుననియు, రహస్యమైన దానితో చేసిన చేవ్రాలును బహిరంగమైన దానితో ఎవరైనను సరిచూడవచ్చుననియు ప్రతిపాదించిరి. చేయుట ఒక్కనికే సాధ్యము, సరిచూచుట అందరికిని సాధ్యము: చేవ్రాలు అనదగినదాని స్వభావమే యిది. మరుసటి యేడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను ముగ్గురు ఆ ఊహకు దేహమిచ్చిరి. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను గుణించుట సులభము, గుణితమునుండి వానిని తిరిగి విడదీయుట దుష్కరము అను విషమత్వముపై వారి పద్ధతి నిలిచినది. వారి పేళ్ల మొదటి యక్షరములతో ఆర్ఎస్ఏ అని ప్రసిద్ధి కెక్కినది. ఇంచుమించు ఇదే పద్ధతిని బ్రిటిషు ప్రభుత్వపు గూఢలిపి శాఖలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే కనిపెట్టి యుండియు, రాజ్యరహస్యమగుటచేత 1997 వరకు లోకమునకు చెప్పజాలకపోయెను. తాను కన్న బిడ్డకు ఇతరులు పేరు పెట్టుచుండగా ఇరువదినాలుగేండ్లు మౌనముగా చూచుచుండిన ఆ మనుష్యుని తలచుకొన్నప్పుడెల్ల నా మనసు బరువెక్కును.

ఒకే రహస్యము ఇరుప్రక్కల ఉండు చోట ఇంత గణితము అక్కరలేదు. హ్యాష్ అనునది ఎంత పెద్ద వ్రాతనైనను పిండి, నియతమైన పొడవు గల చిన్న సంఖ్యగా మార్చు యంత్రము. వ్రాతలో చుక్క మారినను సంఖ్య పూర్తిగా మారును. రహస్యమును ముందుంచి, వ్రాతను వెనుకనుంచి, రెంటిని కలిపి పిండిన చాలునని చాలమంది తలంచిరి. కాని అప్పటి హ్యాషులకు ఒక బలహీనత కలదు: రహస్యము తెలియనివాడును పాత సంఖ్యనుండియే పని కొనసాగించి, వ్రాత చివర తన మాటలు చేర్చి, దానికి సరిపడు క్రొత్త సంఖ్యను పుట్టింపగలడు. ఛాయాచిత్రముల సంస్థయైన ఫ్లికర్ వాడుచుండిన చేవ్రాలు ఈ విధముగనే భేదింపదగినదని 2009లో ఇరువురు పరిశోధకులు చూపిరి. చిత్రమేమనగా మందు అప్పటికే సిద్ధముగా నుండెను. మిహిర్ బెల్లారె, రాన్ కనెట్టి, హ్యూగో క్రాచిక్ అనువారు 1996లోనే, రహస్యమును రెండు వేషములలో వాడి రెండుమారులు పిండు హెచ్‌మ్యాక్ అను విధానమును నిరూపించి యుండిరి. 1997 ఫిబ్రవరిలో అది ప్రమాణపత్రముగను వెలువడినది. తెలిసినవారు వ్రాసియుంచిన దానిని పని చేయువారు చదువకుండుట ఈ కథలో మరల మరల ఎదురుపడు దుఃఖము.

ఇక వెబ్ సంగతి. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా పరిసరమున నిర్మించిన ఈ ప్రపంచపు అల్లికకు పుట్టుకతోనే మతిమరపు కలదు. ఒక ప్రశ్నకు ఒక ప్రత్యుత్తరము, అంతటితో సరి. అడిగినవాడు మరుక్షణమున మరల వచ్చినను సర్వరునకు వాడు క్రొత్తవాడే. 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు లూ మోంటుల్లి అను యువకుడు బ్రౌజరు చేతిలో ఒక చిన్న చీటీ పెట్టి, వచ్చినప్పుడెల్ల దానిని చూపుమను ఏర్పాటు చేసెను, అదే కుకీ. చీటీపై ఒక సంఖ్యయే ఉండును. ఆ సంఖ్య యెవనిదో, వానికి ఏమేమి చెల్లునో సర్వరు తన చిట్టాలో చూచుకొనును. ఒక దుకాణమునకు ఒక గుమాస్తా ఉన్నంతకాలము ఈ పద్ధతికి వంక లేదు. దుకాణము పెరిగి నూరుగురు గుమాస్తాలు నూరు కిటికీల యొద్ద కూర్చుండినప్పుడు, అందరును ఒకే చిట్టా కొరకు పరుగెత్తవలసి వచ్చినది. ఒక సంస్థ ఇచ్చిన ఆనవాలును మరొక సంస్థ గౌరవింపవలసిన కాలము వచ్చుసరికి, పరుల చిట్టా చూచు దారియే లేకపోయినది. చీటీలోనే సమస్తము వ్రాసి, దానిక్రింద చేవ్రాలు చేసి యిచ్చినచో చిట్టాతో పనియేమి?

ఈ తలంపునకు మొదట దొరికిన దుస్తులు ఎక్స్ఎమ్ఎల్ అను బరువైన పట్టుబట్టలు. 2002 ఫిబ్రవరిలో ఎక్స్ఎమ్ఎల్ చేవ్రాలు ప్రమాణమును, ఆ యేటి నవంబరులో సామల్ అను ఆనవాలు ప్రమాణమును వెలువడినవి. పెద్ద సంస్థలు వానిని ఆదరించినవి, నేటికిని ఆదరించుచున్నవి. అయితే ఒకే భావము గల ఎక్స్ఎమ్ఎల్ పత్రమును పలువిధముల వ్రాయవచ్చును: ఖాళీలు వేరుగా నుండవచ్చును, గుణముల వరుస మారవచ్చును. చేవ్రాలునకు అక్షరములు ముఖ్యముగాన, సరిచూచుటకు ముందు పత్రమును ఒక నియతరూపమునకు దువ్వి తీర్చవలసి వచ్చెను. ఆ దువ్వుటయే ఒక శాస్త్రమైనది. ఆ శాస్త్రపు చిక్కులలో దొంగలకు నీడ దొరికినది. చేవ్రాలు పత్రములోని ఒక భాగమునకు సరిపోవుచుండగా, ప్రోగ్రాము మరియొక భాగమును చదివి నమ్మునట్లు పత్రమును మడిచి పెట్టు ఉపాయమును 2012లో జర్మనీ పరిశోధకులు 14 సామల్ వ్యవస్థలపై ప్రయోగించి చూడగా, అందు 11 లొంగిపోయినవి.

అంతలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారమునకు తెచ్చిన జేసన్ అను తేలికయైన వ్రాతపద్ధతి వెబ్ నంతటిని ఆవరించినది. వంకరకుండలీకరణములలో పేరును, దాని యెదుట విలువను వ్రాయుటయే అందలి వ్యాకరణము. 2010 నాటికి జేసన్‌నకు చేవ్రాలు చేయు ప్రయత్నములు పలుచోట్ల మొలకెత్తినవి: మ్యాజిక్ సిగ్నేచర్స్ ఒకటి, జేసన్ సింపుల్ సైన్ ఒకటి, ఫేస్‌బుక్‌వారి క్యాన్వాస్ అనువర్తనముల పద్ధతి ఒకటి, వీనికి తోడు సింపుల్ వెబ్ టోకెన్ అను మరియొకటి. ఈ పాయల నన్నింటిని ఒక ప్రవాహముగా కూర్చిన ఘనత మైక్రోసాఫ్ట్‌నకు చెందిన మైకేల్ జోన్స్, పింగ్ ఐడెంటిటీకి చెందిన జాన్ బ్రాడ్లీ, జపాను దేశపు నొమురా పరిశోధనసంస్థకు చెందిన నాట్ సకిముర అను మువ్వురిది. 2011లో ఇంటర్నెట్ ప్రమాణములను నిర్ణయించు ఐఈటీఎఫ్ పరిషత్తు ఇందులకై ఒక సంఘమును నియమించినది. నాలుగేండ్ల చర్చ పిమ్మట 2015 మేలో 7515 మొదలు 7519 వరకు వరుస సంఖ్యలతో అయిదు ప్రమాణపత్రములు వెలువడినవి.

వారు చేసిన ముఖ్యనిర్ణయము వినుటకు స్వల్పము, ఫలమున అనల్పము. పత్రమును దువ్వుట మానివేసిరి. వ్రాసినదానిని వ్రాసినట్లే, ఖాళీలతో సహా, బేస్64 అను మూసలో పోసి, ఆ మూసలోనుండి వచ్చిన అక్షరములపైననే చేవ్రాలు చేయుమనిరి. బేస్64 రహస్యలిపి కాదు. మూడేసి బైట్లను నాలుగేసి అక్షరములుగా మార్చు లేఖనపద్ధతి మాత్రమే. పెద్దబడి 26, చిన్నబడి 26, అంకెలు 10, పిమ్మట రెండు గుర్తులు. వెబ్ చిరునామాలలో చిక్కు పెట్టకుండ ఆ రెండు గుర్తులును అడ్డుగీతగను క్రిందిగీతగను మార్చబడినవి. వంకరకుండలీకరణము, దాని ప్రక్క ఉద్ధరణచిహ్నము, ఆపైన ఒక చిన్నబడి అక్షరము ఈ మూసలో పడినప్పుడు మొదటి మూడును తప్పక ‘ఈ వై జే’ అగును; నేను మొదట చెప్పిన విశేషమునకు కారణమిదియే. మొదటి ఖండము హెడరు: చేవ్రాలు ఏ విధమున చేయబడినదో అందు వ్రాయబడును. రెండవది విషయము: ఎవరిచ్చిరి, ఎవని గూర్చి, ఎవరికొరకు, ఎప్పటివరకు. మూడవది చేవ్రాలు. మూసను తిరగవేసి విషయము చదువుట ఎవరికైనను సాధ్యమే. అందు సంకేతపదమును వ్రాసినవాడు దానిని వీథిగోడపై వ్రాసినట్లే.

లైబ్రరీ అను మాటకు మా వృత్తిలో పుస్తకశాల యని అర్థము కాదు. ఒకరు వ్రాసిపెట్టగా పదిమంది తమ ప్రోగ్రాములలో చేర్చుకొను పనిముట్ల పెట్టె యని అర్థము. జాట్ కొరకు పైథాను, రూబీ, జావా, పీహెచ్‌పీ మొదలగు భాషలన్నిటిలోను ఇట్టి పెట్టెలు త్వరలోనే సిద్ధమైనవి. వానిలో చాలవరకు జీతము లేక, పేరు నాశింపక వ్రాసినవారి పని. ప్రతి పెట్టెలోను ప్రధానమైన పనిముట్లు రెండే. ఒకటి ఎన్‌కోడ్: విషయమును, తాళపుచెవిని ఇచ్చినచో టోకెను చేసి యిచ్చును. రెండవది వెరిఫై, కొన్నిట డీకోడ్: టోకెనును, తాళపుచెవిని ఇచ్చినచో సరిచూచి విషయమును చేతిలో పెట్టును. ఎంత ముచ్చటగా నున్నది! ఆ ముచ్చటలోనే ముల్లు దాగియుండెను.

సరిచూచు పనిముట్టునకు ఏ విధమున సరిచూడవలెనో ఎవరు చెప్పవలెను? ఆనాటి పెట్టెలు చాలవరకు ఆ సంగతిని టోకెను హెడరునుండి చదివికొనుచుండినవి. హెడరులో హెచ్‌ఎస్256 అని యున్నచో హెచ్‌మ్యాక్‌తోను, ఆర్‌ఎస్256 అని యున్నచో ఆర్ఎస్ఏతోను పరీక్షించును. హెడరును వ్రాసినదెవరు? టోకెను తెచ్చినవాడు. అతడు మిత్రుడో శత్రువో తేల్చుటకే కదా పరీక్ష! అది తేలకముందే అతని మాట విని పరీక్షావిధానము నిర్ణయించుట, వచ్చిన దూతను పట్టుకొని, నాయనా, నిన్నేమి ప్రశ్నింపవలెనో నీవే చెప్పుమని అడుగుట వంటిది.

ఇంతకంటె దారుణమైనది మరియొకటి. ప్రమాణపత్రము ప్రకారము ప్రతి పెట్టెయును తప్పక ఎరిగియుండవలసిన విధానములు రెండు: ఒకటి హెచ్‌ఎస్256, రెండవది ‘నన్’, అనగా ఏదియు లేదు. టోకెను అదివరకే మరొక సురక్షితమార్గమున వచ్చుచున్నప్పుడు చేవ్రాలు అనవసరమని తలంచి ఆ రెండవదానిని చేర్చిరి. 2015 మార్చి 31న టిమ్ మెక్లీన్ అను పరిశోధకుడు ప్రకటించిన వ్యాసము ఈ వృత్తివారినందరిని ఉలికిపడజేసినది. టోకెను తీసికొని, హెడరులో ‘నన్’ అని వ్రాసి, విషయములో తన పేరుకు బదులు అధికారి పేరు వ్రాసి, చేవ్రాలు చోటు ఖాళీగా వదలి పంపినచో, పలు పెట్టెలు ‘సరియైనదే’ యని ఒప్పుకొనుచుండినవి. రెండవ ఉపాయము మరింత సూక్ష్మమైనది. సర్వరు ఆర్ఎస్ఏ టోకెనును ఆశించి, వెరిఫై అను పనిముట్టు చేతికి తన బహిరంగపు తాళపుచెవిని ఇచ్చియున్నది. శత్రువు హెడరులో హెచ్‌ఎస్256 అని వ్రాయును. పనిముట్టు అది చదివి, తన చేతిలోనున్నది హెచ్‌మ్యాక్ రహస్యమని భ్రమించి, దానితోనే పరీక్షించును. ఆ ‘రహస్యము’ లోకమంతటికి పంచిపెట్టిన బహిరంగపు తాళపుచెవియే గనుక, శత్రువును దానితోనే హెచ్‌మ్యాక్ చేవ్రాలు చేసి పంపును; సరిపోవును! గణితములో ఏ దోషమును లేదు. ఆర్ఎస్ఏ నిర్దోషము, హెచ్‌మ్యాక్ నిర్దోషము. రెంటి నడుమ ప్రశ్న అడుగువాడెవడను సంగతి మాత్రము తారుమారైనది.

ప్రమాణపత్రములు అంతిమరూపమున వెలువడుటకు అప్పటికింకను నెలకు పైగా వ్యవధి కలదు. అయినను ‘నన్’ అందులోనుండి తొలగింపబడలేదు. నాకిది నేటికిని బాధగానే యుండును. ప్రమాణకర్తలయెడ నాకుగల గౌరవము తగ్గదు గాని, ఆ యొక్క పదమును వారు విడిచియుండినచో ఎన్ని ప్రోగ్రాములు బ్రదికియుండునో కదా యనిపించును. కొందరు ‘నన్’ అను పదమును నిషేధించి నిశ్చింతగా నుండిరి. వారి తలుపులయొద్ద అదే పదమును పెద్దబడి చిన్నబడి అక్షరములు కలిపి వ్రాసికొని శత్రువు ప్రవేశించెను.

పైథాను భాషలో ప్రసిద్ధమైన పైజేడబ్ల్యూటీ అను పెట్టె చరిత్ర ఈ విషయమున మిక్కిలి బోధకరమైనది. 2015 నాటి హెచ్చరిక పిమ్మట దాని రచయితలు ఒక కావలి పెట్టిరి: హెచ్‌మ్యాక్ రహస్యముగా ఇచ్చిన వ్రాతలో బహిరంగపు తాళపుచెవి లక్షణములు, అనగా ‘బిగిన్ పబ్లిక్ కీ’ వంటి తొలిపలుకులు, కనబడినచో నిరాకరింపవలెను. బహిరంగపు తాళపుచెవిని వ్రాయుపద్ధతులు ఒకటి రెండు కావు. నడుమ ఆర్ఎస్ఏ అను మాట అదనముగా చేరు పాతపద్ధతి ఆ పట్టికలో లేకపోయెను. 2017లో అది బయటపడినది. దానిని చేర్చిరి. ఎస్ఎస్‌హెచ్ అను దూరప్రవేశ సాధనమున వాడు మరికొన్ని తాళపుచెవుల రూపములు లేకపోయెను. 2022లో అవి బయటపడినవి, ఆ మే నెలలో వెలువడిన 2.4.0 ప్రతిలో దిద్దబడినవి. దొంగల ముఖచిత్రములు గోడకు వ్రేలాడదీసి కావలికాయువానికి, చిత్రము లేని దొంగ ఎల్లప్పుడును ఒకడు మిగిలియే యుండును. అసలైన మందు 2020 డిసెంబరులో వచ్చిన 2.0 ప్రతిలోనే చేరినది. నాటినుండి డీకోడ్ అను పనిముట్టును పిలుచువాడు తాను ఏయే విధానములను అంగీకరించునో పట్టికగా తానే చెప్పితీరవలెను. చెప్పనిచో పనిముట్టు కదలదు. ఆ యేటి ఫిబ్రవరిలోనే యారోన్ షెఫర్, డిక్ హార్ట్, మైకేల్ జోన్స్ అనువారు కూర్చిన 8725వ ప్రమాణపత్రము లైబ్రరీలన్నియు ఇట్లే ఉండవలెనని శాసించి యుండినది. ప్రశ్న మరల సీత చేతికి వచ్చినది.

పనిముట్టు మంచిదైనంతమాత్రమున పని మంచిదగునా? చాల యేండ్ల క్రిందట నేను కుదిరిన ఒకచోట, ఇతరులు వ్రాసిపోయిన ప్రోగ్రాము నొకదానిని చదువుచుండగా, టోకెనును మూసనుండి విప్పి విషయమును చదివిన వరుస కనబడినది గాని, సరిచూచిన వరుస ఎంత వెదకినను కనబడలేదు. కారణము ప్రక్కనే వ్యాఖ్యగా వ్రాయబడి యుండెను: పరీక్ష చేసినచో అభివృద్ధిదశలో తప్పులు వచ్చుచున్నవనియు, తాత్కాలికముగా నిలిపితిమనియు, తరువాత తిరిగి చేర్చుదుమనియు. ఆ ‘తరువాత’ రెండేండ్లకును రాలేదు. నేను ఆ వరుసను చేర్చిన రాత్రి నిద్రపట్టక, ఆ రెండేండ్లలో ఎవరైనను ఆ ద్వారము నెట్టి చూచిరా యని పాత చిట్టాలు తిరగవేయుచు కూర్చుంటిని. ఎవరును చూచినట్లు కనబడలేదు. అది మా జాగ్రత్త కాదు, మా యదృష్టము. మరికొందరు హెచ్‌మ్యాక్ రహస్యముగా నిఘంటువులో దొరకు చిన్న పదమును పెట్టుదురు. కనీసము 256 బిట్ల పొడవుండవలెనని ప్రమాణము చెప్పుచునే యున్నది. టోకెను నొకదానిని చేజిక్కించుకొన్నవాడు దానిని ఇంటికి కొనిపోయి, తీరికగా పదము వెనుక పదము పెట్టి చూచుకొనుటకు అడ్డేమున్నది?

గణితమును ప్రోగ్రాముగా దింపుటలోను జారుపాట్లు జరిగినవి. జావా 15వ ప్రతిలో, ఆర్ఎస్ఏ వలెనే రెండు తాళపుచెవులతో నడచు దీర్ఘవృత్తవక్రముల చేవ్రాలును సరిచూచు భాగమును ఒక భాషనుండి మరియొక భాషకు తిరిగి వ్రాయునప్పుడు, చేవ్రాలులోని రెండు సంఖ్యలును సున్నలు కారాదను చిన్న తనిఖీ జారిపోయినది. ఫలితముగా రెండు సున్నలు వ్రాసిన ఖాళీ చేవ్రాలు ఏ పత్రమునకైనను, ఎవని పేరనైనను చెల్లిపోయినది. నీల్ మాడెన్ దానిని కనుగొనగా 2022 ఏప్రిల్‌లో ఆ తనిఖీ తిరిగి చేర్చబడినది.

విశాఖదత్తుని ముద్రారాక్షసమును చదువునప్పుడెల్ల నాకు తాళపుచెవుల రక్షణయే గుర్తుకు వచ్చును. చందనదాసుని యింట దాగియున్న రాక్షసమంత్రి భార్య, బయటికి పరుగెత్తిన పసివానిని లోనికి లాగుకొనునప్పుడు ఆమె వ్రేలినుండి మంత్రి ముద్రిక జారి, దొర్లి, చాణక్యుని చారుని పాదములయొద్దకు చేరినది. అంతటితో కథ ముగిసినట్లే. చాణక్యుడు రాక్షసుని మిత్రుడైన శకటదాసుని చేత లేఖ వ్రాయించి ఆ ముద్రికతో ముద్రింపగా, దానిని చూచిన మలయకేతువు తన మంత్రియైన రాక్షసునే అనుమానించెను. ముద్ర సత్యము, లేఖ యసత్యము. ఏ పరీక్షయును దానిని పట్టజాలదు. 2023లో ఇట్టిదే మన కాలమున జరిగినది. మైక్రోసాఫ్ట్ సంస్థ సామాన్య వినియోగదారుల టోకెనులకై 2016లో సృష్టించిన చేవ్రాలు తాళపుచెవి పరుల చేజిక్కగా, వారు దానితో టోకెనులు కల్పించి అమెరికా ప్రభుత్వశాఖలతో సహా సుమారు 25 సంస్థల ఉత్తరములు చదివిరి. ఇక్కడ మలయకేతువు పొరపాటుకు మించిన పొరపాటు మరియొకటి కలదు. సామాన్యుల టోకెనుల కొరకైన తాళపుచెవి సంస్థల ఉత్తరములకు చెల్లరాదు; ఆ తేడాను చూడవలసిన పని లైబ్రరీ చేయుచున్నదని ఉత్తరముల విభాగమువారు తలంచిరి, లైబ్రరీ ఆ పని చేయుటలేదు. ఈ సంగతిని ఆ సంస్థయే తరువాత వెల్లడించినది. చేవ్రాలు సరిపోయినదా యను ప్రశ్నతో ఆగక, ఎవరి చేవ్రాలు, ఎవరికొరకు చేయబడినది అను ప్రశ్నలను కూడ ద్వారపాలకుడు అడుగవలెనని జాట్ నిర్మాతలు ఇచ్చినవాని పేరును, ఉద్దేశింపబడినవాని పేరును విషయములో చేర్చుటకు ఏర్పాటు చేసి యుండిరి. అడుగువారు లేనప్పుడు ఆ ఏర్పాటు ఏమి చేయగలదు?

చిట్టా చూడనక్కరలేని ఆనవాలునకు ఆ సుగుణమే ఒక బంధనము. ఒకమారు ఇచ్చిన తరువాత వెనుకకు తీసికొనుట కష్టము; ఉద్యోగము మానినవాని చేతిలోని టోకెను గడువు తీరువరకు చెల్లుచునే యుండును. అందువలన గడువును కొద్దిగా పెట్టుట ఆచారమైనది. గడువు 1970 జనవరి 1 మొదలు గడచిన క్షణముల సంఖ్యగా వ్రాయబడును.

క్రొత్తగా ఈ పనికి వచ్చిన పిల్లలకు నేను ఇచ్చు అభ్యాసము 7519వ ప్రమాణపత్రములోని మొదటి ఉదాహరణమే. జో అనువాడిచ్చిన టోకెను అది, గడువు 1300819380. దానికి వాడిన రహస్యము తోటి ప్రమాణపత్రమైన 7515లో ముద్రింపబడియున్నది. మొదట విషయమును మీరే జేసన్‌గా వ్రాసి, అదే రహస్యముతో చేవ్రాలు చేసి, ముద్రించిన దానితో పోల్చుడని చెప్పుదును. ఎవనికిని సరిపోదు. మూలమున పంక్తుల నడుమ రెండు అదృశ్యమైన పంక్తివిరామ సంజ్ఞలును, వాని ప్రక్కన ఒక ఖాళీయు కలవని వారు కనుగొనుటకు ఒక గంట పట్టును. వానిని చేర్చగానే చేవ్రాలు అక్షరము పొల్లుపోక సరిపోవును. ఆ క్షణమున వారి ముఖములు వెలుగుట చూచుట నాకు పండుగ. అప్పుడు, ఈ టోకెనుతో వచ్చినవానిని లోనికి రానిత్తురా యని అడుగుదును. చాలమంది రానిత్తుమందురు. ఒకరిద్దరు మాత్రము ఆ పది యంకెల సంఖ్యను తేదీగా మార్చి చూతురు: గ్రీనిచ్ కాలమున 2011 మార్చి 22, సాయంత్రము 6 గంటల 43 నిమిషములు.